మురికి ఎక్కడిదాకా?

పుస్తకం మంచిదో కాదో తెలుసుకోవడానికి దాన్ని చదవక్కర్లేదని బైండరు నమ్మకం. చదివామని చెప్పేవాళ్లు అబద్ధం చెప్తారు. వెనక అట్ట మీద మెచ్చుకుంటూ రాసినవాళ్లు అసలు చదవనే చదవరు. నిజం చెప్పేది అంచు ఒక్కటే. పుస్తకాన్ని మూసి, పేజీల కొసలు తనవైపు తిప్పుకుని, కిటికీ వెలుతురులో పట్టుకుంటే చాలు. వేళ్ల మురికి ఎక్కడిదాకా పోయిందో, మనిషి అక్కడిదాకా పోయాడు. అక్కణ్ణుంచి ఆఖరుదాకా తెల్లగా మెరిసిపోతుంటే, అక్కడ ఆవలించి పడుకున్నాడు. ముప్ఫై ఏళ్లు పుస్తకాలు కుట్టి ఆయన తేల్చుకున్నదేమిటంటే, ఈ లోకంలో చదువుకున్నవాళ్లని పేరుపడ్డవాళ్లలో ఎక్కువమంది ముప్ఫయ్యో పేజీ దాకా చదువుకున్నవాళ్లే.

ఆయన మాత్రం ఏడో తరగతితో ఆపేశాడు. ఆ మాట ఎవరూ అడగకపోయినా చెప్తాడు, అడిగితే కోప్పడతాడు.

రెండు వీధుల అవతలున్న కంప్యూటరు ఆఫీసు నుంచి ఆ నెల నాలుగు అట్టపెట్టెలు వచ్చాయి. నలభై ఒక్క పుస్తకాలు. అన్నీ ప్రోగ్రాములు ఎలా రాయాలి, రాసేముందు ఎలా ఆలోచించాలి అనే సంగతులే. కొన్నింటికి అట్టలు ఊడాయి, కొన్నింటికి వెన్ను విరిగింది. ఆ ఆఫీసులో పుస్తకాల బీరువా చూసుకునే పెద్దావిడ, అందరూ పుస్తకాల మేడమ్ అంటారు, తనే దగ్గరుండి దింపించి వెళ్లింది. బైండరు ముందుగా ఒక పుస్తకం విప్పి బల్ల మీద పెట్టాడో లేదో, ఆయన అక్క కూతురు ఊడిపడింది. ఆ పిల్ల అదే ఆఫీసులో ఫోన్లెత్తే సీటులో మూడేళ్లుగా పనిచేస్తోంది.

"మావయ్యా, నీకు దండం పెడతాను. ఇందులో మంచిదేదో చెప్పు."

"నాకేం తెలుసే? నేను ఏడో క్లాసు. మీ ఆఫీసులో కళ్లజోళ్లన్నీ ఏమైపోయాయి?"

"కళ్లజోళ్లనే అడిగాను. ఒకాయన పన్నెండు పుస్తకాలు చెప్పాడు. ఇంకొకాయన ఆ పన్నెండూ చెత్త అని, వేరే తొమ్మిది రాసిచ్చాడు. మూడో ఆయన, పుస్తకాలెందుకమ్మా, చేస్తూ పోతే అదే వస్తుంది అన్నాడు. ఆయన టేబులు మీద ఆరు పుస్తకాలున్నాయి."

బైండరు భార్య ఫారాలు, అంటే మడత పెట్టిన అచ్చు కాగితాలు, కుడుతూ సూది గాల్లోనే ఆపి పకపకా నవ్వింది.

విషయం నవ్వులాట కాదు. ఫోన్ల సీటు నుంచి ప్రోగ్రాములు రాసే సీటుకి మారడానికి ఆ ఆఫీసులో ఏడాదికి ఒక్క పరీక్ష పెడతారు. వచ్చే ఏడాది నుంచి ఫోన్లవాళ్లకి ఆ అవకాశం తీసేస్తున్నారు. ఇదే ఆఖరుసారి. అయిదు వారాలుంది.

"మూడేళ్ల నుంచి అందర్నీ దయచేసి లైనులో ఉండండి అంటున్నాను మావయ్యా. చూస్తే లైనులో ఉండిపోయింది నేనే. తప్పు ఎవడో చేస్తాడు, తిట్లు నేను తింటాను. ఆ తప్పు లేకుండా కట్టే చోట కూర్చోవాలని ఉంది."

"కట్టడమేమిటి, ఇల్లా?" అంది అత్త.

"అంతే అత్తా. డిజైను అంటారు. ఏ పని ఎవరు చెయ్యాలి, ఎవరికి ఏం తెలియాలి, ఏం తెలియక్కర్లేదు, అన్నీ ముందే ఆలోచించి పెట్టుకోవడం."

"ఆ ఉద్యోగం ఈ ఇంట్లో నేను ఇరవై ఆరేళ్లుగా చేస్తున్నాను. డిజైనని పేరు పెట్టాలని తెలీక ఊరుకున్నా."

బైండరు ముఖం చిట్లించుకుంటూనే లేచాడు. మేనకోడలు అడిగితే లేవనని కూర్చునేంత గట్టివాడు కాదాయన, గట్టివాడినని అనుకుంటాడంతే. పెట్టెల్లోని పుస్తకాల్ని ఒక్కొక్కటే కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి అంచులు చూశాడు. "ఇది ఇరవై పేజీలు. ఇది పదిహేను. ఇదిగో, దీన్ని ముందుమాట దగ్గరే వదిలేశారు, పాపం రాసినాయన బతికున్నాడో లేదో." అలా విసిరేసుకుంటూ పోయి ఒక లావుపాటి పుస్తకం దగ్గర ఆగాడు. ఇటుకంత ఉంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అంచు నల్లగా నిగనిగలాడుతోంది.

"ఇదీ పుస్తకమంటే! ఆసాంతం నమిలేశారు. పట్టుకెళ్లు."

వెన్ను ఊడి ఉందని ఆ పూటకి ఆ పూటే కూర్చుని బాగుచేశాడు. లావు పుస్తకానికి వెన్ను లోపల కాగితం గొట్టంలా మడిచి అతికిస్తే, తెరిచినప్పుడు అట్ట విరగదు. బల్ల మీదున్న చెత్త కాగితాల్లోంచి చేతికందినవి తీసుకుని మడిచి, అతికించి, బిగించేశాడు. పుస్తకం పిల్లకివ్వడానికి మేడమ్ ఫోనులోనే సరేనంది. పిల్ల దాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని వెళ్లింది.

రెండు వారాల తర్వాత అదే బిడ్డని తెచ్చి బల్ల మీద దభీమని పడేసింది.

"మావయ్యా, ఇది పుస్తకం కాదు, శిక్ష. మొదటి వంద పేజీల్లో, తర్వాత ఏం చెప్పబోతున్నాడో చెప్పాడు. రెండో వంద పేజీల్లో, ముందు ఏం చెప్పాడో గుర్తుచేశాడు."

"అంచు చూడు! అంత మురికి ఊరికే వస్తుందా?"

"వచ్చింది. మేడమ్‌ని అడిగాను. నాలుగేళ్లుగా దీన్ని టీ గదిలో నేల మీద వేసుకున్నారట. పై అర అందని వాళ్లందరూ దీని మీదెక్కే చక్కెర డబ్బా దించేవారట. మా ఆఫీసులో దీన్ని తొక్కని కాలు లేదు!"

బైండరు భార్య నవ్వు ఆపుకోలేక కుట్టు వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. బైండరు చెవులు ఎర్రబడ్డాయి. చెప్పుల దుమ్ము సమంగా పరుచుకుంటుంది, వేళ్ల మురికి అలలు అలలుగా పడుతుంది. కష్టమైన చోట ఎక్కువ, తేలికైన చోట తక్కువ. ఈ తేడా పని నేర్చిన మొదటి ఏడాదే తెలుసాయనకి. తెలిసీ, మేనకోడలి ముందు గొప్పకి పోయి, చూడలేదు.

ఇంక మూడు వారాలే ఉంది. ఈసారి ఆయన మాట్లాడకుండా, కళ్లద్దాలు తుడుచుకుని, ప్రతి అంచునీ వేలితో తడిమి చూశాడు. గంటన్నర పట్టింది. ఆఖరికి చేతిలో మిగిలింది సన్నటి పుస్తకం, విప్పేసి కుట్టకుండా పక్కన పెట్టుకున్నది. వెన్ను మూడుచోట్ల విరిగింది. మూడూ పుస్తకం మధ్యలోనే. అంటే అక్కడ తెరిచి పెట్టుకుని జనం గంటలు గంటలు కూర్చున్నారు. మురికి అలలుగా ఆఖరి పేజీ దాకా పోయింది. మార్జిన్లలో అయిదు రకాల చేతిరాతలు, ఒకళ్లతో ఒకళ్లు పోట్లాడుకుంటున్నాయి.

"ఇది," అన్నాడు, గొంతు తగ్గించి. "తప్పయితే నన్ను బైండరనకు."

కుట్టడానికి ఫారాలు వరస పెడుతుంటే తేలింది. యాభై ఏడు నుంచి అరవై నాలుగు దాకా ఎనిమిది పేజీలు లేవు.

అంతే, ఆయనకి ఒళ్లు మండిపోయింది. "ఎవడో చదువుకున్న వెధవ! పశువు! కావల్సిన పేజీలు చింపుకుని జేబులో పెట్టుకుపోయాడు. వెనకాల ఇంకొకళ్లు చదవాలన్న ఇంగితం ఉంటేనా!"

ఆ కోపం ఆ పేజీల గురించే కాదని భార్యకి తెలుసు. ఏడో తరగతిలో ఆయనకి కొన్నది పాత లెక్కల పుస్తకం. అందులో పదహారు పేజీలు లేవు. లేవన్న సంగతి ఆయనకి తెలీదు. రెండు పేజీల అంకెల మధ్య ఎంత గుంట ఉందో చూసుకునే వయసు కాదది. పరీక్షలో పెద్ద లెక్కలు మూడూ ఆ పదహారు పేజీల్లోంచే వచ్చాయి. అందరూ రాసుకుపోతుంటే ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టి కూర్చున్నాడు. ఆ తర్వాత బడికి వెళ్లలేదు. అందుకే ఏ పుస్తకంలో పేజీలు పోయినా, అవెన్నో లెక్కబెట్టి అన్ని ఖాళీ కాగితాలు అదే కొలతకి కోసి లోపల కుడతాడు. దానికి ఎవరినీ ఏమీ అడగడు. పోయాయని అయినా తెలియాలి కదా, అంటాడు.

ఎనిమిది ఖాళీ పేజీలతో సన్న పుస్తకం మేనకోడలి చేతికి వెళ్లింది. మూడో రోజు ఆ పిల్ల గంతులేస్తూ వచ్చింది.

"మావయ్యా, నీ చెయ్యి ఇలా ఇవ్వు, కళ్లకద్దుకుంటాను. ఎంత బాగా చెప్పాడో! పుస్తకమంతా ఒకే ఒక్క లిఫ్టు. ఆ లిఫ్టు నడిపే ప్రోగ్రామునే మొదటి పేజీ నుంచి కొంచెం కొంచెం కట్టుకుంటూ పోతాడు. మొదట తలుపు, తర్వాత మీటలు, తర్వాత అంతస్తులు. తలుపుకి అంతస్తుల గొడవ తెలియక్కర్లేదు, మీటకి తలుపు గొడవ తెలియక్కర్లేదు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను."

"మరి ఆ ఏడుపు ముఖమెందుకు చివర్లో?"

"యాభై ఆరో పేజీ ఆఖర్న, ఇద్దరు ఒకేసారి పిలిస్తే లిఫ్టు ఎటు వెళ్లాలో ఇప్పుడు చూద్దాం అన్నాడు. తిప్పితే నీ తెల్ల కాగితాలు. అరవై అయిదు మొదట్లో, ఈ విధంగా మన లిఫ్టు ఎవరినీ మరచిపోదు కాబట్టి అంటాడు! ఏ విధంగా? అక్కణ్ణుంచి పుస్తకమంతా ఆ విధం మీదే నడుస్తుంది."

ఆ వారం ఆఫీసు లిఫ్టుకి ఆ పిల్ల వల్ల మనశ్శాంతి లేకపోయింది. భోజనం విరామంలో నోటు పుస్తకం పట్టుకుని కిందికీ పైకీ తిరిగింది. ఎవరు ఎక్కడ నొక్కారు, ఎక్కడ ఆగింది, ఎవరు విసిగి మెట్లెక్కారు, అన్నీ రాసుకుంది. "అమ్మా, ఏ అంతస్తుకి?" అని కాపలా మనిషి అడిగితే, "ఏదైనా పర్లేదన్నా" అందట. ఆయన ఆ రోజు నుంచి ఆ పిల్లని కొంచెం జాలిగా చూస్తున్నాడు.

సెలవురోజు పొద్దున్నే షాపులో ఆట మొదలైంది. కింద షాపు, పైన వాళ్ల ఇల్లు, ఆ పైన డాబా. బైండరు కింద నిలబడాలి, అత్త ఇంట్లో, పిల్ల లిఫ్టు. ఇద్దరూ పిలుస్తుంటే ఆ పిల్ల మెట్లెక్కుతూ దిగుతూ, ముందు ఎవరు పిలిస్తే ముందు వాళ్ల దగ్గరికి పరిగెత్తింది. పది నిమిషాల్లో ఆయాసం వచ్చి మధ్య మెట్టు మీద కూలబడింది.

"ఇదేం లిఫ్టే," అన్నాడు బైండరు కింద నుంచి. "నేను పిలిచి ముసలాణ్ణయిపోయాను."

అత్త గరిటె పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది. "పిచ్చి మొహమా, పిలిచినప్పుడల్లా అలా పరిగెడతారటే? మీ మావయ్య కింద నుంచి జిగురంటాడు, దారమంటాడు, టీ అంటాడు. పిలిచిన ప్రతిసారీ దిగి ఎక్కితే నా మోకాళ్లేం కావాలి? పైకి బయల్దేరితే పైనున్న పనులన్నీ ముగించుకునే దిగుతాను. దిగేటప్పుడు దారిలో ఉన్నవన్నీ ఏరుకుంటూ దిగుతాను. సగం మెట్ల మీంచి వెనక్కి మాత్రం తిరగను. ఏ పనీ మర్చిపోను, ఎవరి మాటా అంత తొందరగా విననూ వినను."

పిల్ల నోరు తెరుచుకుని చూసింది. "అత్తా, మళ్లీ చెప్పు."

"ఏది? మీ మావయ్య మాట విననన్నదా?"

"అది కాదు, దాని ముందుది!"

ఆ రోజు సాయంత్రానికి ఎనిమిది ఖాళీ పేజీల్లో అయిదు నిండాయి. మర్నాటికి కొట్టివేతలతో సహా ఎనిమిదీ నిండాయి. అరవై అయిదో పేజీ నుంచి పుస్తకం మళ్లీ నడిచింది. పిల్ల పాట పాడుకుంటూ చదివింది.

పరీక్షకి ఇంకా రెండు రోజులుందనగా బైండరు తయారైన పుస్తకాలన్నీ పెట్టెల్లో సర్దుతున్నాడు. ఇటుక లాంటి ఆ లావు పుస్తకం చేతికొచ్చింది. వెన్ను సరిగ్గా నిలబడిందో లేదో చూద్దామని మధ్యకి తెరిచాడు. అట్టకీ పేజీలకీ మధ్య గొట్టం నోరు తెరిచింది. అందులో ఒక లిఫ్టు బొమ్మ. దాని కింద అరవై ఒకటి అనే అంకె.

ఆయన మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. అంతా కళ్లకి కట్టింది. ఆ రోజు తొందర. బల్ల మీద ఎడమవైపు చెత్త కాగితాలు, వాటిని ఆనుకుని విప్పేసిన సన్న పుస్తకం. చేతికందినవి తీసుకున్నాడు. పనికిమాలిన పుస్తకాన్ని ఇవ్వాలన్న ఆత్రంలో, పనికొచ్చే పుస్తకం కడుపు కోసి దాని వెన్నులో పెట్టాడు. యాభై ఏళ్ల మనిషికి పన్నెండేళ్లప్పటి పరీక్ష గది గుర్తొచ్చింది. పెన్ను మూత. ఎవడో చింపాడని ఇన్నేళ్లూ తిట్టుకున్నాడు. ఆ ఎవడో కూడా తొందరలో ఉన్న ఏ బైండరో కావచ్చని మొదటిసారి అనిపించింది.

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పుస్తకం చంకలో పెట్టుకుని ఆఫీసుకి బయల్దేరాడు. లిఫ్టు ఎక్కాడు. అది రెండులో ఆగింది, మూడులో ఆగింది, కింద నుంచి ఎవరో మీట తెగ నొక్కుతున్నా వినిపించుకోకుండా పైకే పోయింది. అచ్చం మా ఆవిడే అనుకున్నాడు, అంత గాభరాలోనూ.

టీ గదిలో పిల్లని పట్టుకుని, పుస్తకం తెరిచి, గొట్టంలో ఉన్నది చూపించాడు. పిల్ల వంగి చూసింది.

"అంటే మావయ్యా, ఇన్నాళ్లూ నువ్వు తిట్టిన ఆ పశువు..."

"నేనే."

"చదువుకున్న వెధవ అని కూడా అన్నావు."

"అందులో ఒక్కటే తప్పు. చదువుకోలేదు."

పిల్ల టీ కప్పు కింద పెట్టేసి, గోడకి జారబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. బైండరు మాత్రం నవ్వలేదు. "ఇప్పుడే విప్పి ఇస్తాను. తడిగుడ్డ పెడితే పావుగంటలో ఊడతాయి. ఒక్కసారి చూసుకో తల్లీ. నా లెక్కల పుస్తకంలా కాకూడదు."

"వద్దు. నేను రాసింది తప్పని తేలితే పరీక్షలో ఏం రాసినా కొట్టేసుకుంటాను. ఒప్పని తేలితే పొగరెక్కుతుంది. అయ్యాక విప్పుదాం."

"కాదే, అందులోంచే అడిగితే?"

"నీ పుస్తకంలో పేజీలు లేవని నీకు పరీక్షలో తెలిసింది మావయ్యా. నాకు ముందే తెలిసింది. నువ్వు తెల్ల కాగితాలు కుట్టబట్టి."

ఆయన చక్కెర డబ్బా ఉన్న పై అర వైపు చూస్తూ నిలబడ్డాడు.

పరీక్ష మూడు గంటలు. అందులో లిఫ్టు లేదు. ఆసుపత్రిలో చీటీల వరస ప్రకారం రోగుల్ని పిలిచే ప్రోగ్రాము ఒకటిచ్చారు. ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన ఎవరో సగంలో వదిలేసినదది. మొదలుంది, చివరుంది, మధ్య ముక్క లేదు. ఆ ముక్క రాయమన్నారు. పుస్తకాల మేడమే ఇచ్చింది ఆ ప్రశ్న. ఏటా అలాంటిదే ఇస్తుందట, ఇక్కడ పనంతా అదే కదా అంటుందట. రాసేవాళ్లలో ఒకతను లేచి, కాగితం పొరపాటుగా వచ్చింది, మధ్యలో లేదు అన్నాడు. ఇంకొకతను అసలు ఎందుకు లేదని వాదించాడు. బైండరు మేనకోడలు పెన్సిలు ఉందా అని అడిగి, ముందూ వెనకా రెండుసార్లు చదువుకుని, రాయడం మొదలెట్టింది.

నాలుగో రోజు మధ్యాహ్నం షాపులో ఫోను మోగింది. బైండరు చేతులకి జిగురు. భార్య ఎత్తి ఆయన చెవి దగ్గర పెట్టింది.

"నమస్కారమండీ," అంది అవతల తియ్యటి గొంతు. "మీ సమస్య మాకు అర్థమైంది. దయచేసి లైనులో ఉండండి."

"ఎవరండీ? ఏ సమస్య?" అన్నాడు బైండరు.

"లైనులో ఉండమంటూ నేను చెప్పే ఆఖరి మాట ఇదే మావయ్యోయ్!" అని ఆ గొంతు కేక పెట్టింది. ఆ కేకకి ఆయన ఫోను లాక్కోబోయి రెండు చెంపలకీ జిగురు పూసుకున్నాడు. భార్య ఫోనులోకి ఏడుస్తూ నవ్వుతూ ఏదో అంది. అది ఎవరికీ అర్థం కాలేదు, ఆవిడతో సహా.

ఆ సాయంత్రమే మేడమూ పిల్లా షాపుకి వచ్చారు. బైండరు లావు పుస్తకం వెన్ను మీద తడిగుడ్డ పరిచి, కాగితాలు మడిచే ఎముక పుల్లతో అంగుళం అంగుళం చొప్పున గొట్టాన్ని ఊడదీశాడు. రెండు పెద్ద కాగితాలు, ఎనిమిది పేజీలు. పిల్ల రాసిన పేజీల పక్కన పరిచారు. నలుగురి తలలూ ఒకదానికొకటి తగిలాయి.

పుస్తకంలో ఉన్న విధం, అత్త మోకాళ్ల విధం, ఒక్కటే.

"అయ్యో, లిఫ్టు నిండిపోతే ఏం చెయ్యాలో నేను రాయలేదు," అంది పిల్ల.

"చేతుల నిండా సామానుంటే నేను ఆగుతానా? ఆగను. అదే కదా," అంది అత్త.

మేడమ్ మాత్రం పిల్ల రాసిన ఏడో పేజీ మీద వేలు పెట్టింది. "మీట నొక్కి, విసుగొచ్చి మెట్లెక్కిపోయినవాడి కోసం లిఫ్టు ఊరికే ఆగకుండా చేశావు. ఇది అచ్చులో లేదే!"

"లిఫ్టులో తిరిగితే కనిపించింది మేడమ్. అందరూ అదే పని."

మేడమ్ ఆ పేజీ ఇంకోసారి చదివి, బైండరు వైపు తిరిగింది. "మేస్త్రీ గారూ, అచ్చు పేజీలు తిరిగి కుట్టకండి. ఈ అమ్మాయి రాసినవీ అవీ కలిపి వెనక అట్టకి ఒక కవరు అంటించి అందులో పెట్టండి. మధ్యలో మళ్లీ ఎనిమిది తెల్లవి కుట్టండి, తర్వాత చదివేవాళ్లూ తామే రాసుకుంటారు."

"ముప్ఫై ఏళ్లలో పుస్తకం పాడుచేసిపెట్టమని అడిగింది మీరే మొదలు."

"ఇంకో పని కూడా. కొత్తగా నేర్చుకునేవాళ్లకి మంచి పుస్తకాల జాబితా బీరువాకి అంటించాలి. మా కళ్లజోళ్లని అడిగితే కొట్టుకుంటున్నారు. మీరు చెప్పండి."

బైండరు ముఖం చిట్లించాడు, కానీ వేళ్లు అప్పటికే పుస్తకాల మీదికి పోయాయి. మూడు తీసి పెట్టాడు. సన్నది. ఇంకొకటి, ఒకే అధ్యాయం దగ్గర తనంతట తను తెరుచుకునేది. మూడోది, అట్ట రెండుసార్లు మార్చినా లోపల పేజీ మడత లేకుండా అందరూ ప్రేమగా వాడుకున్నది.

"మరి మిగతా ముప్ఫై ఎనిమిదీ?"

"అవి కూడా బానే ఉంటాయండి. ముప్ఫయ్యో పేజీ దాకా."

మేడమ్ వెళ్లాక, పిల్ల వాళ్లమ్మకి చెప్పాలని పరిగెత్తాక, బైండరు సన్న పుస్తకంలో కొత్త తెల్ల కాగితాలు కుట్టాడు. కవరు అంటించాడు. ఇంక పెట్టెలో పెట్టెయ్యాలి. పెట్టలేదు. కిటికీ దగ్గరికి స్టూలు లాక్కుని, కళ్లద్దాలు సర్దుకుని, మొదటి పేజీ తెరిచి అక్షరం అక్షరం కూడబలుక్కోవడం మొదలెట్టాడు.

"ఏమండీ, చేతులు కడుక్కోండి ముందు," అంది భార్య సూదిలో దారం ఎక్కిస్తూ. "జిగురంతా ఆ పేజీలకి అంటుతోంది."

"అంటనీవే," అన్నాడాయన తలెత్తకుండా. "నా తర్వాత కుట్టేవాడికి తెలియాలిగా, నేను ఎక్కడిదాకా వెళ్లానో."